ఏటిగట్టు దాకా వెళ్లని పాఠాలు

మాన్య సంపాదకులకు నమస్కారములు.

దసరా సెలవులు ముగిసి బడులు మళ్లీ మొదలయ్యాయి. మరికొన్ని వారాల్లో సమ్మెటివ్ (టర్ము చివరి) పరీక్షలు ఉన్నందున ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు సిలబస్ ఎంతవరకు అయిందన్న మాటే వినిపిస్తోంది. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, మా తోటికోడలి కూతురు ఆరో తరగతి చదువుతున్నారు. మా ఊరి ఉన్నత పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలిని కూడా కావడం వల్ల ఈ మూడు తరగతుల పుస్తకాలనూ ఓపిగ్గా చదివే అవకాశం నాకు కలిగింది. చదివిన కొద్దీ ఒక సంగతి నన్ను గట్టిగా పట్టుకుంది. ఈ శరదృతువులో మా పిల్లలు నేర్చుకుంటున్న పాఠాల్లో చాలా భాగం బడి ప్రహరీ బయట, మా కాలువ గట్టు మీద, మా చేలల్లో, మా గోదావరి పాయల్లో, సరిగ్గా ఈ రోజుల్లోనే జరుగుతున్న విషయాల గురించి. అయినా ఆ పాఠం ఒక గదిలో, ఆ విషయం మరో చోట ఉండిపోతున్నాయి. డెల్టాలోని బడులు ఈ రెంటినీ కలపాలని, అందుకు సార్వా (ఖరీఫ్) వరి కోతలు పూర్తయ్యేలోపు కొన్ని రోజులు కేటాయించాలని విద్యాశాఖ అధికారులను, ఉపాధ్యాయులను, తోటి తల్లిదండ్రులను మీ పత్రిక ద్వారా కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా వరి సంగతి. మొక్కల్లో పోషణ, పుష్పం భాగాలు, పరాగ సంపర్కం, పంటల సాగు అనేవి ఈ మూడేళ్ల సైన్సు చదువులో పిల్లలు తప్పకుండా చదివే అంశాలు. పరాగ సంపర్కం చెప్పాలంటే నల్లబల్ల మీద మందార పువ్వు బొమ్మ గీయడం మనకు అలవాటు. మందారం మంచి ఉదాహరణే, కాదనను. కానీ బడి కిటికీలోంచి కనిపించే చేలన్నీ ఇప్పుడు పొట్ట దశలోనో, కంకులు బయటికి వచ్చే ఈనిక దశలోనో ఉన్నాయి. వరి పువ్వు విచ్చుకునేది ఉదయం సుమారు తొమ్మిదింటికీ పదకొండింటికీ మధ్య. విచ్చుకున్న కొద్దిసేపటికే మళ్లీ మూసుకుంటుంది. ఆ వేళలో చేను గట్టు మీద కూర్చుని ఒక కంకిని వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే, ఊక రెండు పెచ్చులుగా విడి, సన్నని దారాలకు వేలాడుతున్న లేత పసుపు రంగు తిత్తులు కనిపిస్తాయి. లెక్కపెడితే అవి ఆరు. కంకిని మెల్లగా తట్టితే పుప్పొడి రాలుతుంది. చేతిలో ఒక మామూలు భూతద్దం ఉంటే చాలు. ఏ తేనెటీగా అవసరం లేకుండా ఆ పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందుతుందని అక్కడే మాస్టారు చెబితే, ఆ పిల్లవాడికి ఆత్మపరాగ సంపర్కాన్ని బట్టీ పట్టవలసిన పని ఉండదు. పూత వేళ మందు కొట్టవద్దని పెద్దలు ఎందుకంటారో కూడా వాడికి తెలుస్తుంది. ఇది రెండో పీరియడులో జరిగిపోయే పాఠం. మా బడికీ చేనుకూ మధ్య దూరం ఆటస్థలం దాటినంత.

అదే గట్టు మీద ఇంకొంచెం సేపు నిలబడితే చరిత్ర కూడా దొరుకుతుంది. డెల్టాలో ఎన్నో ఏళ్లుగా రైతులు ఇష్టపడి వేస్తున్న స్వర్ణ రకం, అంటే ఎంటీయూ 7029, పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టి 1982లో విడుదలైంది. ఎంటీయూ 1010 రకానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టింది కూడా అక్కడివారే. ఆ పేరులోని దొర ఎవరో, ఆయనను మన వాళ్లు ఇంకా ఎందుకు తలుచుకుంటారో తెలియాలంటే పిల్లలు ధవళేశ్వరం దాకా వెళ్లాలి. 1833 నాటి కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ ప్రాంతాన్ని ఎంత చితికించాయో చెప్పి, ఆ తరువాత ఆర్థర్ కాటన్ దొర పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఉన్న చోట, ఇప్పటి బ్యారేజీ దగ్గర నిలబెడితే, ఎనిమిదో తరగతి పుస్తకంలోని కంపెనీ పాలన పాఠానికి రెండు వైపులూ కనిపిస్తాయి. పన్నుల భారంతో రైతును పీల్చిన పాలన అదే, పది లక్షల ఎకరాలకు నీరందించే ఏర్పాటుకు పునాది వేసిన పాలనా అదే. ఈ రెండూ నిజమేనని పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు అర్థం చేసుకోగలరు. అర్థం చేసుకోలేరని మనమే వారి తరఫున నిర్ణయిస్తున్నాం.

లెక్కల విషయంలో నాకు మరీ బాధగా ఉంటుంది. ఆరో తరగతిలో పెద్ద సంఖ్యలు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఘాతాలు, నిష్పత్తులు, ఘనపరిమాణాలు ఉంటాయి. ప్రతి వర్షాకాలంలోనూ మా ఇళ్లలో పెద్దలు ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు, ఎన్ని లక్షల క్యూసెక్కులు అని ఫోన్లలో అడుగుతూనే ఉంటారు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, పది లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్తుంటే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగుల దగ్గర, 13 లక్షల క్యూసెక్కులకు రెండోది. 17.75 అడుగుల దగ్గర, 17 లక్షల క్యూసెక్కులకు మూడోది. ఈ అంకెలు నదీ పాయల మధ్య ఉన్న మా లంక గ్రామాల పిల్లలకు ఎక్కాల కన్నా ముందే చెవిన పడతాయి. కానీ క్యూసెక్కు అంటే ఎంత అని అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. మొదటి హెచ్చరిక నాడు సెకనుకు 2 కోట్ల 83 లక్షల లీటర్ల నీరు బ్యారేజీ దాటుతున్నదన్నమాట. రోజుకు 86,400 సెకన్లు గనుక, ఆ ప్రవాహం ఒక పగలూ రాత్రీ సాగితే 86.4 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు) సముద్రంలో కలుస్తాయి. మా అబ్బాయి ఈ గుణకారం కాగితం మీద తానే చేసి, సున్నాలు తప్పు పడ్డాయేమోనని మళ్లీ మొదటినుంచి చేశాడు. ఆ తరువాత 1986 ఆగస్టు వరదలో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిందని, 2022 జూలైలో 25 లక్షలు దాటిందని చెబితే, వాడు అడిగిన ప్రశ్న ఇది: అంత నీరు వస్తే మన ఏటిగట్టు ఎంత ఎత్తు ఉండాలి? ఏ పాఠ్యపుస్తకం చివరి అభ్యాసంలోనూ లేని ప్రశ్న అది. దానికి జవాబు చెప్పాలంటే వైశాల్యం, వేగం, వాలు అన్నీ రావాలి. ఆ ప్రశ్న మా పిల్లల్లో పుట్టాలనే నా ఆరాటం.

నీటి గురించి ఇంకొక మాట. మాది కాలువ చివర ఉన్న శివారు ఊరు. పైనున్నవారికి నీరు అందినంత సులువుగా మాకు అందదు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. ఆరో తరగతి పిల్లలు పదార్థాలను వేరుచేసే పద్ధతులు చదువుతారు. అందులో నీటిని ఇగరబెట్టి ఉప్పును రాబట్టడం ఒకటి. ఈ మధ్య మా బడిలో సైన్సు ఉపాధ్యాయురాలు మూడు స్టీలు పళ్లేలు తెప్పించి, ఒకదానిలో కాలువ నీరు, రెండోదానిలో బోరు నీరు, మూడోదానిలో పక్కనున్న రొయ్యల చెరువు నీరు ఒకే కొలతతో పోయించి వరండా అంచున ఎండలో పెట్టించారు. పిల్లలు ఈగలు పడకుండా పలుచని గుడ్డ కప్పి, ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడల్లా వెళ్లి చూశారు. ఇగిరిపోయాక కాలువ నీటి పళ్లెంలో సన్నని బురద పొర మిగిలింది. బోరు నీటి పళ్లెం అంచు చుట్టూ తెల్లని చార కట్టింది. చెరువు నీటి పళ్లెంలో గోటితో గీకితే ఊడివచ్చేంత ఉప్పు పేరుకుంది. మా తోటికోడలి కూతురు ఆ ఉప్పును కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చి అందరికీ చూపించింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుందని, మన పళ్లెంలో మిగిలినదాన్ని తూచి దానితో పోల్చవచ్చని ఆ టీచరమ్మ చెప్పారట. ఆ రోజు ఆ పిల్ల సైన్సు, నిష్పత్తులు, మా ఊరి వ్యవసాయం మూడూ ఒకేసారి నేర్చుకుంది. ఆక్వా సాగు వద్దని నేను అనడం లేదు. దాని మీద బతికే కుటుంబాలు మా ఊళ్లోనూ ఎన్నో ఉన్నాయి. కానీ చెరువు పక్కన వరి చేను ఎందుకు దెబ్బతింటుందన్న తగువులో రేపు పెద్దవాళ్లై మాట్లాడవలసింది ఈ పిల్లలే గనుక, కొలిచి మాట్లాడటం వాళ్లకు ఇప్పుడే అలవడాలి.

సాంఘికశాస్త్రంలో ఆరో తరగతివారికి పటాలు, గ్లోబు, ఆంధ్రప్రదేశ్ భూస్వరూపాలు ఉంటాయి. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుందని పిల్లలు గడగడా అప్పజెబుతారు. తమ బడి పక్కన పారే కాలువ ఎక్కడ మొదలై వస్తోందో మాత్రం చెప్పలేరు. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు నీరు వెళ్తుందని, గౌతమి, వశిష్ట పాయల మధ్య ఉన్న భూమే కోనసీమ అని, వశిష్ట నుంచి వైనతేయ చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుందని పిల్లలు తమ చేత్తో ఒక పటం గీసుకుంటే చాలు, డెల్టా అంటే ఏమిటో వేరే నిర్వచనం అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక పాత గోడ పటాలు చాలా బడుల్లో అలాగే వేలాడుతున్నాయి. వాటిని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

ఎనిమిదో తరగతిలో సంఘ సంస్కరణోద్యమాలు చదువుతారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు జరిపించిన తొలి వితంతు వివాహం గురించి చదివేటప్పుడు, ఆ ఊరు మా పిల్లలకు బస్సెక్కి వెళ్లి రాగలిగిన ఊరు. ఇక రోజూ మధ్యాహ్నం వారు తినే బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె ఇదే కోనసీమలో, లంకల గన్నవరంలో, ఆకలిగొన్నవారికి వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన తల్లి. 1909లో కన్నుమూశారు. పళ్లెం ముందు కూర్చున్న పిల్లల్లో ఎంతమందికి ఆ ఊరు తమకు ఎంత దగ్గరో తెలుసు? బొగ్గు, పెట్రోలియం పాఠం కూడా అంతే. ఇంధనాలు ఎక్కడో ఎడారి దేశాల్లో ఉంటాయన్నట్లుగా చదువుతారు. తాటిపాకలో చిన్న రిఫైనరీ ఉంది, పొలాల కింద గ్యాసు గొట్టాలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంటల వెలుగు తాము రాత్రిళ్లు చూశామని చెప్పగలిగే తాతయ్యలు, అమ్మమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారిలో ఒకరిని బడికి పిలిచి అరగంట మాట్లాడించడం ఏ చార్టు కన్నా మేలు.

భాషల గురించి ఎక్కువ చెప్పను. ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉన్న పుస్తకాలు రావడం నావంటి తల్లులకు మంచి సాయమైంది. పిల్లల పక్కన కూర్చుని చదివించగలుగుతున్నాం. హిందీ ఆరో తరగతిలోనే మొదలవుతున్నందున మొదటి ఏడాది పిల్లలకు కొంచెం ఓపికతో చెప్పాలని మాత్రం ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.

చార్టు అన్నాను గనుక ప్రాజెక్టు పనుల సంగతి చెప్పక తప్పదు. మధ్యమధ్యలో జరిగే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులు ఉంచడం వెనుక ఉద్దేశం చాలా మంచిది. ఆచరణలో జరుగుతున్నదేమిటంటే, ముందురోజు రాత్రి పిల్లవాడు వరదల మీద ప్రాజెక్టు అనగానే తండ్రి స్టేషనరీ కొట్టుకు వెళ్లి చార్టు కొంటాడు, నెట్ సెంటరువారు ఏ దేశానివో తెలియని వరద బొమ్మలు ప్రింటు తీసి ఇస్తారు, తల్లి జిగురుతో అంటిస్తుంది. 2022లో ఇంటి గడప దాకా నీళ్లు వచ్చిన పిల్లవాడు కూడా ఆ బొమ్మలే అంటించి తెస్తున్నాడు. ఆ నీటి చార తన ఇంటి గోడ మీద ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి రాస్తే అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది? అలాంటిదానికి ఎక్కువ మార్కులు వేయమని పైనుంచి ఒక్క మాట వస్తే, ఈ అంటింపు పని ఆగిపోతుంది.

పట్టణాల్లోని కొన్ని ప్రైవేటు బడుల పరిస్థితి నన్ను మరింత కలవరపెడుతోంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో వేరే పుస్తకాలు, వేరే పరీక్షలు పెట్టి, చీకటి పడ్డాక గానీ పిల్లలను ఇళ్లకు పంపడం లేదు. మా బంధువుల అబ్బాయి ఒకడు ఏడో తరగతిలోనే ఇంటర్మీడియట్ స్థాయి లెక్కల సూత్రాలు వల్లిస్తాడు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు నారు పోసిన ఆకుమడికీ నాట్లు వేసిన చేనుకూ తేడా తెలియలేదు. తప్పు ఆ పిల్లవాడిది కాదు. వాడికి ఆ వయసులో చూడవలసినవి చూపించకుండా దాచిన పెద్దలది.

ఇన్ని చెప్పి, దీనికి సమయం ఎక్కడిదని అడిగేవారికి ఏమీ చెప్పకపోతే న్యాయం కాదు. సమయం విధానంలోనే ఉంది. జాతీయ విద్యావిధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ప్రతి విద్యార్థికీ పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వంటి స్థానిక వృత్తి నిపుణుల దగ్గర గడిపే అవకాశం ఉండాలని స్పష్టంగా రాశారు. నో బ్యాగ్ డే అన్న మాట మన పిల్లలకు ఇప్పటికే పరిచయం. కానీ ఆ రోజును క్విజ్‌తోనో, ఆటలతోనో గడిపేస్తే దాని విలువ సగమే దక్కుతుంది. ఆ పది రోజుల్లో కనీసం నాలుగైదింటిని డెల్టా బడులు దసరాకూ సంక్రాంతికీ మధ్య వాడుకోవాలని నా మనవి. ఒక రోజు కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర గడపవచ్చు. తలుపులు ఎలా ఎత్తుతారో, ఏ రోజు ఎంత నీరు వదిలారో ఆ లాకులు చూసుకునే లస్కర్లు చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఒక రోజు కోత చేలో గడిపి, ఎకరానికి డెబ్బై అయిదు కిలోల బస్తాలు ఎన్ని అయ్యాయో, కౌలు ఎంత పోయిందో, రైతుకు చివరికి ఏం మిగిలిందో లెక్క కట్టించవచ్చు. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ఎందుకు ప్రకటించారో అప్పుడు వారికి ఎవరూ వివరించనవసరం లేదు. అంబాజీపేట వైపువారు కొబ్బరి పరిశోధన కేంద్రానికి, కొబ్బరి పీచు పరిశ్రమలకు వెళ్లవచ్చు. నరసాపురం వైపువారు లేసు అల్లే అక్కల దగ్గర కూర్చుంటే, ఆ అల్లికల్లోనే సౌష్ఠవం పాఠం ఉంది. కాకినాడ వైపువారికి కోరింగ మడ అడవులున్నాయి. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే చేతిని చూస్తే, వేడికి నీరు క్షణంలో ఎలా ఆవిరవుతుందో పిల్లల కళ్ల ముందే జరుగుతుంది.

భద్రత గురించి తల్లిగా నాకూ భయం ఉంది. కాలువలు లోతుగా ఉంటాయి. ఇది తుఫానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమకు ఏం జరిగిందో చూసినవారం ఎవరమూ మరిచిపోలేదు. అందుచేత వాతావరణ హెచ్చరిక ఉన్న రోజుల్లో ఈ ప్రయాణాలు పూర్తిగా మానుకోవాలి. నీటిలోకి పిల్లలను దింపకూడదు. ప్రతి చిన్న జట్టుకూ ఒక ఉపాధ్యాయుడితో పాటు ఒక తల్లో తండ్రో తప్పనిసరిగా ఉండాలి. యాజమాన్య కమిటీల్లో ఉన్న మేము ఆ బాధ్యత తీసుకోవడానికి సిద్ధం. ఉపాధ్యాయులపై ఇప్పటికే యాప్‌లలో నమోదు చేయవలసిన వివరాలు, రికార్డులు ఎక్కువయ్యాయని నాకు తెలుసు. ఈ రోజులకు సంబంధించి ఫొటోలు, నివేదికలు అంటూ మరో భారం వారిపై మోపవద్దని అధికారులను ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను. పిల్లలు రాసుకున్న నోట్సే నివేదికగా సరిపోతుంది.

చివరిగా మీ పత్రికకు ఒక విజ్ఞప్తి. ఉభయ గోదావరి ప్రాంతపు జిల్లా పేజీల్లో, సంక్రాంతి వరకు వారానికి ఒక్కసారి, పావు పేజీ ఈ మూడు తరగతుల పిల్లలకు కేటాయించండి. వారి కాలువలో ఆ వారం నీటిమట్టం ఎంత ఉందో, వారి ఊరి చేలు ఏ దశలో ఉన్నాయో, పెద్దల నుంచి విన్న వరద జ్ఞాపకం ఏమిటో వారే రాసి పంపుతారు. మొదటి ఉత్తరాలు మా బడి నుంచి పంపించే ఏర్పాటు నేను చూసుకుంటాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు,
కోనసీమ